పొగబండి ఉడుపులు

లోకమున అభిరుచులు పలు విధములు. ఒకరు తపాలా బిళ్ళలను కూర్చుకొందురు. ఒకరు పాత నాణెములను వెదకుదురు. మరియొకరు తాళపత్రముల కొరకు ఊరూరు తిరుగుదురు. పాశ్చాత్య దేశములలో రైలుబండ్లయందు మిక్కిలి మక్కువ గలవారు కలరు. వారిలో కొందరు ఇంజనుల పటములతోను, పాత టిక్కెట్టులతోను తృప్తి చెందక రైలు ఉడుపులను సేకరింతురు. డ్రైవరు పెట్టుకొన్న చారల టోపీ, గార్డు తొడిగిన కోటు, కంపెనీ అక్షరములు గల ఇత్తడి బొత్తాము, ఇంజను బొమ్మ అచ్చువేసిన చొక్కా - ఇట్టివి వారి బీరువాలలో వరుసదీరి యుండును. ఈ సంగతి మొదట విన్నపుడు మాకు నవ్వు వచ్చెను. మసిబట్టలలో ఏమి చరిత్ర యుండునని యనుకొంటిమి. కాని బెంగుళూరిలో మూడు తరములుగా స్థిరపడిన మా కుటుంబము ఇచటికి వచ్చిన వైనమును వ్రాసిపెట్టవలెనని పూనుకొన్నపుడు, ఆ కథకు సాక్ష్యముగా ఇంట మిగిలినవి ఆరు ఇత్తడి బొత్తాములు మాత్రమేయని తేలెను. అప్పటినుండి ఆ సేకరించువారిని చూచి నవ్వుట మానితిమి.

రైలు ఉడుపులు ఎట్లు పుట్టినవి, అవి మన బెంగుళూరికి ఎట్లు వచ్చినవి, వానిని తొడిగినవారిలో మన తెలుగువారి పాలు ఎట్టిది అను విషయములను ఈ వ్యాసమున యథాశక్తిగా ముచ్చటించుచున్నాము. మన యింటి పెద్దలలో ఎందరో ఆ కోటులను తొడిగినవారే కనుక ఇది పరాయివారి వేడుక కాదని పాఠకులు గ్రహింపగలరు.

వేషము వారిది, మాటలు మనవి

అమెరికాదేశపు పొగబండి డ్రైవరు వేషము జగత్ప్రసిద్ధము. తలకు నీలము తెలుపు సన్నచారల టోపీ. రొమ్ము వరకు వచ్చి భుజములపై పట్టీలతో నిలుచు మందపు నీలిగుడ్డ పంట్లాము. మెడకు చుక్కల ఎర్రరుమాలు. ఇందు ఏదియు సొగసు కొరకు పుట్టినది కాదు. చారల గుడ్డపై మసి అంతగా కనబడదు. మందపు గుడ్డ నిప్పురవ్వలకు ఓర్చును. మెడకు చుట్టిన రుమాలు బొగ్గునలుసులను చొక్కాలోనికి పోనీయదు, చెమటను తుడుచుకొనుటకును పనికివచ్చును. ఇట్టి పనివారి పంట్లాములకు జేబుల అంచులు చినుగకుండ రాగి రివెట్టులు బిగించు పద్ధతికి జేకబ్ డేవిస్ అను దర్జీయు, లెవి స్ట్రాస్ అను వర్తకుడును 1873 మే 20వ తేదీన పేటెంటు పొందిరి. నేడు మన పిల్లలు కళాశాలకు తొడుగుకొని పోవు జీన్సు పంట్లాము ఆ వంశములోనిదే.

వేషము వారిదే కాని, అందలి రెండు మాటలు మాత్రము మన దేశపువి. ఆ ముదుకగుడ్డకును, దానితో కుట్టిన ఉడుపునకును ఇంగ్లీషున డంగరీ యని పేరు. బొంబాయి రేవునొద్ద డోంగ్రీ యను పేట కలదు. అచట అమ్మకమగు ముతక నూలుగుడ్డ ఓడలవారికి పరిచయమై, ఆ పేట పేరే గుడ్డకు నిలిచెను. ఇక చుక్కల రుమాలునకు బండానా యని పేరు. ముడివేయుట యను నర్థముగల హిందీ మాటనుండి, అనగా గుడ్డను ముడులు కట్టి రంగులో ముంచు మన అద్దకపు పద్ధతినుండి, అది పుట్టినది. మన చీరాల తేలియా రుమాళ్ళు అరబ్బు దేశములకు పోయినట్లే, ఉత్తరదేశపు ముడిరుమాళ్ళు సముద్రములు దాటి, తుదకు అమెరికా డ్రైవరు మెడను చేరినవి. కావున వారి బీరువాలలోని సేకరణమున మన సాలెవారి చేతిపని, మన రంగరీల విద్య కొంత దాగియున్నదని మనము గర్వింపవచ్చును.

రైలును బట్టపై చిత్రించుట కూడ మన దేశమున నూతనము కాదు. 19వ శతాబ్దిలో వంగదేశమున ముర్షిదాబాదు ప్రాంతపు బాలూచరు పట్టుచీరల కొంగులలో, హుక్కా పీల్చు నవాబుల సరసన, రైలుపెట్టెలో కూర్చున్న ప్రయాణికులను నేసిరి. తాము చూచిన క్రొత్త వింతను ఆ నేతగాండ్రు తమ మగ్గముమీద వెంటనే నిలిపిరి. ఇంజను బొమ్మల చొక్కా తొడిగి మురియు నేటి రైలు ప్రియునికి ఆ చీర కట్టిన వంగదేశపు ఇల్లాలే అక్కగారు.

ఉడుపు ఏల అవసరమయ్యెను

ప్రపంచమున ఆవిరి ఇంజనుతో ప్రజలకొరకు నడచిన తొలి రైలుదారి ఇంగ్లండులోని స్టాక్టన్-డార్లింగ్టన్ దారి; అది 1825 సెప్టెంబరు 27న తెరువబడెను. 1830లో లివర్‌పూల్-మాంచెస్టరు దారి వచ్చెను. ఆనాడు నేటి సిగ్నలు స్తంభములు లేవు. దారి పొడవున కంపెనీవారు కాపలా పోలీసులను నిలిపి, చేతి సైగలతోను, జెండాలతోను బండి నడిపించిరి. చేయి చాచిన ఒక యర్థము, చేయి ఎత్తిన మరియొక యర్థము. దూరమున వేగముగా వచ్చు ఇంజనుమీది మనిషికి, సైగ చేయువాడు కంపెనీ మనిషియో, పొలము దున్నుకొను రైతో తెలియవలెను గదా! ఆ తెలియుటకే ఉడుపు వచ్చెను. కావున రైలు ఉడుపు మొదట అలంకారము కాదు. అది ప్రాణరక్షణకై యేర్పడిన ఒక భాష.

ఆ భాషలోని అక్షరములు రంగులు. తొలినాళ్ళలో ఇంగ్లండు రైళ్ళలో ఎరుపు అపాయమునకును, ఆకుపచ్చ జాగ్రత్తకును, తెలుపు నిరపాయమునకును గురుతులు. కాని రాత్రివేళ దీపమునకున్న ఎర్ర అద్దము పగిలిన, లోపలి తెల్లని వెలుగు నిరపాయమని అబద్ధము చెప్పెడిది. అందువలన తెలుపును విడిచి, ఆకుపచ్చనే పోవుటకు గురుతుగా క్రమముగా స్థిరపరచిరి. ఇంగ్లీషు రచయిత్రి ఇ. నెస్బిట్ 1906లో ప్రకటించిన 'ది రైల్వే చిల్డ్రన్' అను కథలో, కొండచరియ విరిగి దారిపై పడగా పిల్లలు తమ ఎర్రని లోపావడలను చించి జెండాలుగా ఊపి బండి నాపుదురు. మన పల్లెలలో పట్టా విరిగియుండుట చూచిన పశులకాపరి ఎర్రతుండు విసరి బండి నాపుటయు అట్టిదే. ఎర్రగుడ్డ దొరకనిచో రెండు చేతులును తలపైకి ఎత్తి నిలిచినను డ్రైవరు బండి నాపవలెనని మన రైల్వే నిబంధన. బట్టకును రైలునకును గల సంబంధము ఇంత దగ్గరిది.

బెంగుళూరికి ఇనుపదారి

భారతదేశమున ప్రయాణికుల తొలి రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందరునుండి ఠాణాకు 34 కిలోమీటర్లు నడచెను. దక్షిణదేశమున 1856 జూలై 1న మద్రాసు రాయపురమునుండి వాలాజా రోడ్డు వరకు దారి తెరువబడెను. 1809లో వెలసిన బెంగుళూరు దండుప్రదేశమునకు జోలారుపేట మీదుగా 1864లో రైలు వచ్చెను. నేటి కంటోన్మెంటు స్టేషను ఆ నాటిదే. ధాత కరువునాడు, అనగా 1876-78 నడుమ, మైసూరు రాజ్యమున లక్షలాది జనులు నశించిరి. ధాన్యము చేర్చుటకు దారి లేకుండుట ఎంతటి అనర్థమో అప్పుడు బోధపడెను. కరువు పనిగా మొదలైన బెంగుళూరు-మైసూరు మీటరుగేజి దారి 1881-82లో పూర్తియయ్యెను.

మన తెలుగువారికి అన్నిటికంటె దగ్గరిది గుంతకల్లు దారి. హిందూపురము, ధర్మవరము, అనంతపురముల మీదుగా గుంతకల్లునకు పోవు మీటరుగేజి దారిని సదరన్ మరాఠా కంపెనీవారు 1893లో తెరచిరి. అంతకు చాల పూర్వమే బెంగుళూరు పేటలో తెలుగు నేతగాండ్రును, వర్తకులును ఉండిరి. వారు ఎడ్లబండ్లమీద వచ్చినవారు. గుంతకల్లు దారితో మరియొక తరము తెలుగువారు వచ్చిరి. వీరు మూటతో కాక ఉద్యోగపు కాగితముతో దిగిరి. గుమాస్తాలు, సిగ్నలువారు, గార్డులు, ఫైర్‌మన్‌లు, గ్యాంగుపనివారు - ఇట్లు కంపెనీ ఉడుపు తొడుగుకొన్న తెలుగు కుటుంబములు స్టేషను చుట్టుపట్ల క్వార్టరులలో కాపురములు పెట్టినవి. 1908లో మద్రాసు రైల్వేతో కలిసి ఈ కంపెనీ 'మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే' యయ్యెను. బొత్తాములమీది అక్షరములును మారినవి. 1951 ఏప్రిల్ 14న ఆ రైల్వేయు, సౌత్ ఇండియన్ రైల్వేయు, మైసూరు సంస్థానపు రైల్వేయు కలిసి దక్షిణ రైల్వే ఏర్పడగా, ఆ అక్షరములు మరల మారినవి. 2003నుండి బెంగుళూరు హుబ్బళ్ళి కేంద్రముగాగల నైరృతి రైల్వేలో నున్నది. ఒకే కుటుంబములో తాత, తండ్రి, మనుమడు ఒకే స్టేషనులో పనిచేసినను, ముగ్గురి బొత్తాములమీద మూడు వేర్వేరు పేర్లు ఉండవచ్చును. చరిత్రకారుడు శాసనము చదివినట్లు ఈ బొత్తామును చదువవచ్చునని మేము చెప్పుట ఇందుచేతనే.

రంగుల తరతమములు

రైలు స్టేషనులో నిలిచి చూచిన, రంగును బట్టియే మనిషి పని తెలిసెడిది. స్టేషను మాస్టరునకును, గార్డునకును తెల్లని ఉడుపు. టిక్కెట్టు పరీక్షకునికి నల్లకోటు. పాయింట్లమనిషికిని, గేటుమనిషికిని ఖాకీ లేక నీలము. ఇంజనువారికి నీలిడంగరీ. కూలికి ఎర్రచొక్కా. మసియు, దుమ్మును, నూనెయు గల చోట తెల్లబట్ట కట్టుట చిత్రముగా తోచును. కాని తెలుపు కట్టగలుగుటయే పదవికి గురుతు. ఆ తెలుపు వెనుక చాకలివాని చాకిరేవును, ఇల్లాలి నీలిమందును, గంజియు ఎంత యుండెనో లెక్కపెట్టినవారు లేరు.

ఖాకీ యను మాట పారసీకమున ధూళి యను నర్థముగల 'ఖాక్' నుండి వచ్చెను. 1846 ప్రాంతమున పెషావరునందలి గైడ్సు పటాలమునకు హారీ లమ్స్‌డెన్ ఆ ధూళివన్నె ఉడుపును ప్రవేశపెట్టెను. మంగళూరు బాసెల్ మిషన్ నేతశాలలో జాన్ హాలరు ఖాకీరంగు అద్దకమును కుదిర్చెనని కన్నడ దేశమున ప్రసిద్ధి. మద్రాసు పెరంబూరులోని బకింగ్‌హాం, కర్ణాటక్ మిల్లుల ఖాకీగుడ్డ ఉడుపుల గుడ్డగా పేరుపొందెను. ఆ మిల్లులను నడిపిన బిన్నీ కంపెనీవారి చేతనే బెంగుళూరు ఉలెన్, కాటన్ అండ్ సిల్కు మిల్లులును నడచినవి. 1884లో స్థాపితమైన ఆ మిల్లువలననే నగరములో బిన్నీపేట యను పేరు నిలిచెను. నేడు అవి ఏవియు నడచుట లేదు. మిల్లు నిలిచిన చోట ఎత్తైన మేడలు లేచినవి. రాత్రిబండి గార్డునకు చలినాపిన ఉన్నికోటు మాత్రము ఎవరి యటకమీదనైన ఇంకను ఉండవచ్చును.

రంగులలో తరతమములుండినట్లే జాతిభేదములును ఉండెను. తొలికాలమున మెయిలుబండి డ్రైవరులు ఐరోపావారు, పిదప ఆంగ్లో-ఇండియనులు. తలపై దొరటోపీ, కాళ్ళకు బూట్లు వారివి. మనవారు కోటు తొడిగినను క్రింద పంచెయు, తలకు పాగాయు విడువలేదు. ఆ వేషము చూచి నేటి పిల్లలు నవ్వుదురేమో! కాని అందు ఒక పట్టుదల కలదు. నడుమునకు పైభాగము కంపెనీది, క్రిందిభాగమును తలయు తమవి యని వారు మాటలాడకయే చెప్పిరి.

ఇక అందరికంటె క్రిందివాడు గ్యాంగుపనివాడు. ఎండలో పట్టాలు సరిచేయు అతనికి తన తలగుడ్డయే గొడుగు, వానలో గొంగళియే గూడు. దారిపొడవున ప్రాణాపాయమునకు దగ్గరగా నిలుచువాడు అతడే. దూరమునుండి కనబడవలెనను ఉడుపు నియమము మొదట అతనికే వర్తింపవలెను గదా! వెలుగుపట్టీలు గల నారింజరంగు కోటు అతని యొంటికి వచ్చుట ఇటీవలి ముచ్చట. ఉడుపుల చరిత్రలో ఎవరికి ముందు దొరకినది, ఎవరికి కడపట దొరకినది యను ప్రశ్న చాల సంగతులు బయటపెట్టును.

జెండా పట్టిన గార్డు

గార్డు ఉడుపులో కోటుతోపాటు ఈల, గడియారము, చేతిలాంతరు, ఎరుపు ఆకుపచ్చ జెండాలు చేరియున్నవి. ఈ సందర్భమున బెంగుళూరు తెలుగువారు ఎన్నటికిని మరువరాని ఒక గార్డు కలడు. ఆయనయే పింగళి వెంకయ్యగారు.

బందరు సమీపమున భట్లపెనుమర్రులో 1876 ఆగస్టు 2న జన్మించిన వెంకయ్యగారు యౌవనమున సైనికుడై బోయరు యుద్ధకాలమున దక్షిణాఫ్రికాకు పోయి, అచట గాంధీగారిని కలసికొనిరి. తిరిగివచ్చిన పిమ్మట బెంగుళూరిలోను, మద్రాసులోను రైల్వే గార్డుగా పనిచేసిరని ఆయన జీవితచరిత్రలు చెప్పుచున్నవి. ఆ తరువాత ఆయన బళ్ళారిలో ప్లేగు అధికారిగా నుండిరి. జపానుభాష నేర్చి 'జపాను వెంకయ్య' యనిపించుకొనిరి. కంబోడియా ప్రత్తిపై పరిశోధన చేసి 'పత్తి వెంకయ్య' యనిపించుకొనిరి. 1916లో దేశమునకు ఎట్టి జెండా యుండవలెనో నిరూపించుచు పలు నమూనాలతో ఒక పుస్తకమును ప్రకటించిరి. 1921లో బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశ సందర్భమున గాంధీగారి కోరికపై జెండా నమూనా సిద్ధపరచి యిచ్చిరి.

ఆ మొదటి నమూనాలోని రంగులు రెండు: ఎరుపు, ఆకుపచ్చ. గాంధీగారు తెలుపును చేర్పుమనిరి. రాట్నమును మధ్య నిలిపిరి. ఎరుపు హిందువులకును, ఆకుపచ్చ మహమ్మదీయులకును, తెలుపు ఇతర మతములవారికిని గురుతులని నాడు చెప్పిరి. గార్డు చేతిలోని జెండాలును ఎరుపు, ఆకుపచ్చలే యనుటలో కార్యకారణ సంబంధము కల్పించుట మా ఉద్దేశము కాదు. ఒక పని చేసిన చేయి ఆ పనిని మరువదను మాట మాత్రము చెప్పుచున్నాము. ఒక గుడ్డముక్కను ఎత్తి చూపిన వేలమంది ప్రాణములు నిలుచుననియు, దింపిన అంత పెద్ద బండియు కదలదనియు గార్డు పని చేసినవానికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు. పత్తిని ఎరిగిన ఆ గార్డు జాతికంతకును ఒక గుడ్డ కావలెనని తలచుట మాకు సహజముగా తోచును.

ఆ జెండా 1931లో కాషాయము, తెలుపు, ఆకుపచ్చలుగా మారి, 1947 జూలై 22న అశోకచక్రముతో జాతీయపతాకముగా అంగీకరింపబడెను. వెంకయ్యగారు 1963 జూలై 4న గతించిరి. 2009లో ఆయన పేర తపాలా బిళ్ళ వెలువడెను. ఖాదీ జాతీయపతాకములను ప్రమాణానుసారముగా తయారుచేయుటలో పేరొందిన సంస్థ కన్నడ దేశపు హుబ్బళ్ళియొద్ద బెంగేరిలో నున్నది. మన నైరృతి రైల్వే కేంద్రమును ఆ హుబ్బళ్ళియే. తెలుగుగార్డు చేతిగుడ్డ కన్నడ మగ్గముమీద నేయబడుట ఉభయులకును శోభ గూర్చు విషయము. ఇచట అల్పసంఖ్యాకులమై జీవించు మనకు ఇంతకంటె మంచి నిదర్శనము వేరొకటి యక్కరలేదు.

ఎర్రచొక్కా

రైలు ఉడుపులలో సినిమావారికి మిక్కిలి నచ్చినది కూలి ఎర్రచొక్కా. రద్దీలో ప్రయాణికునికి దూరమునుండి కనబడుటకు ఆ ఎరుపు. దండకు కట్టుకొను ఇత్తడిబిళ్ళపై అంకె యుండును. ఆ బిళ్ళయే వాని అనుమతి, వాని పేరు, వాని ఆస్తి. వృద్ధాప్యమున బిళ్ళను కొడుకునకో దగ్గరి బంధువునకో మార్చుకొను ఆచారము కలదు. కొందరు పొలము పంచియిచ్చినట్లే వీరు బిళ్ళ నిచ్చి పోదురు.

1983లో విడుదలయైన హిందీ చిత్రము 'కూలీ'లో అమితాబ్ బచ్చన్ ధరించిన 786 అంకె బిళ్ళ దేశమంతట ప్రసిద్ధమయ్యెను. ఆ చిత్రపు పోరాటదృశ్యము తీయునపుడే 1982 జూలై 26న బెంగుళూరు విశ్వవిద్యాలయ ఆవరణమున ఆయనకు ప్రాణాపాయకరమైన దెబ్బ తగిలెను. 1991లో వెంకటేశ్ నటించిన తెలుగు చిత్రము 'కూలీ నెం. 1' వచ్చినపుడు మన యిండ్ల పిల్లలు ఎర్రచొక్కాకై మారాము చేయుట మేమెరుగుదుము. తెరపైని ఎర్రచొక్కా అద్దెకు తెచ్చినది. స్టేషనులోని ఎర్రచొక్కా బరువుతో తడిసినది. 2008లో ఎందరో కూలీలకు గ్యాంగుపనివారుగా రైల్వే ఉద్యోగము దొరకెను. 2016 రైల్వే బడ్జెటులో వారిని 'సహాయకులు' అని పిలువవలెనని ప్రకటించిరి. చక్రములపెట్టెలు వచ్చిన పిమ్మట వారికి పని తగ్గెను. పేరు పెరిగి పని తరుగుట లోకరీతి కాబోలు. 2022 జనవరిలో గార్డు పేరును 'ట్రైన్ మేనేజరు'గా మార్చిరి. ఇక రాబోవు తరమునకు గార్డు యనిన మేడల వాకిట నిలుచు కాపలావాడే తోచును.

కోటు పోయి గిన్నె వచ్చిన కథ

మా తాతగారు గుంతకల్లు-బెంగుళూరు దారిలో గార్డుగా నుండిరి. ఇంటికి వచ్చిన తోడనే కోటు విప్పి వసారాలోని కొయ్యమేకునకు తగిలించెడివారు. చాకలికి వేయుటకు ముందు మా నాయనమ్మగారు కోటునకుగల ఇత్తడి బొత్తాములను వెనుకనున్న ఉంగరములు తప్పించి ఊడదీసి, ఒక కాఫీడబ్బాలో వేసెడిది. ఉతికిన కోటు రాగానే మరల బిగించెడిది. తాతగారు గతించిన తరువాత కోటు మాత్రము ట్రంకుపెట్టెలో ఉండెను. ఒక వేసవిలో, పాతబట్టలు పుచ్చుకొని స్టీలు సామాను ఇచ్చు ఆమె మా వీథికి వచ్చినది. ఇంట పెద్దవారెవరును లేరు. మేము చిన్నవారము. రెండు పాతచీరలును, ఆ తెల్లకోటును ఇచ్చి ఒక స్టీలుగిన్నె తీసికొంటిమి. మంచి బేరము చేసితిమని మురిసితిమి.

సాయంకాలము నాయనమ్మగారు వచ్చి గిన్నెను చూచినది. కోపపడలేదు. వంటింటిలోనికి పోయి, కాఫీడబ్బా మూత తీసి, బొత్తాములను లెక్కపెట్టుకొన్నది. ఆరును ఉన్నవి. మరల మూతపెట్టి, ఆ డబ్బాను మాకు అందని పై అరకు ఎక్కించినది. ఆ గిన్నెలో ఆమె ఎన్నడును అన్నము వండలేదు. గిన్నె నేటికిని మా యింట కలదు. దాని అడుగు ఇంకను మెరయుచునే యున్నది.

ఇట్టి కథ మా యొక్కరిదే కాదని మేమెరుగుదుము. జరీచీరను వెండికై కరిగించువారును అంచు ముక్కనొకదానిని దాచుకొందురు. పట్టుబట్టకు గల గౌరవము పనిబట్టకు లేదు. చిరిగిన నీలిడంగరీ ఇంజను తుడుచు గుడ్డయై, తుదకు నిప్పులో పడెను. అందుచేతనే, ఇంజనులు మిగిలిన సంఖ్యలో కోటులు మిగులలేదు.

మన కర్తవ్యము

ఇంగ్లండులో 1975లో యార్కు నగరమున తెరచిన జాతీయ రైల్వే ప్రదర్శనశాలలో ఇంజనులతోపాటు ఉడుపులను, టోపీలను, బొత్తాములను కూడ భద్రపరచిరి. మన దేశమున ఢిల్లీలో 1977లోను, మైసూరులో 1979లోను రైలు ప్రదర్శనశాలలు వెలసినవి. మైసూరు పోయిన మన పిల్లలు మహారాణిగారి రైలుపెట్టెను చూచి ఆనందింతురు. అది తగినదే. కాని ఆ పెట్టె వెనుక నిలిచి పచ్చజెండా ఊపినవాని కోటును ఎవరు చూపుదురు? ఇంజనులను దాచుటకు ప్రభుత్వము కలదు. కోటులను దాచుకొనవలసినది మన గృహములే.

1864 నాటి దారిపైననే 2022 నవంబరు 11నుండి మైసూరు-చెన్నై వందే భారత్ బండి పరుగిడుచున్నది. 2023 సెప్టెంబరునుండి కాచిగూడ-యశ్వంతపురము వందే భారత్ అనంతపురము, ధర్మవరముల మీదుగా వచ్చుచున్నది. బైయప్పనహళ్ళిలో సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేర నూతన టెర్మినలు 2022 జూన్‌లో వాడుకలోనికి వచ్చినది. తెలుగు ఇంటిపేరు గల ఆ మహానుభావుని పేర బెంగుళూరిలో రైలెక్కుచున్నాము. దారి విడువకుండ సాగుచున్నది. దానిని నడిపినవారి ఆనవాళ్ళే జారిపోవుచున్నవి.

కావున మన సమాజ సభ్యులకు మా మనవి యిది. మీ యింట పాతపెట్టెలలో రైల్వే కోటుగాని, టోపీగాని, బెల్టుబిళ్ళగాని, బొత్తాముగాని ఉన్నచో పారవేయవలదు, బేరమునకు ఈయవలదు. బట్టను గంజిపెట్టక ఉతికి, బాగుగ ఆరనిచ్చి, మెత్తని తెల్ల నూలుగుడ్డలో చుట్టి, వేపాకుతో పెట్టెలో ఉంచుడు. ప్లాస్టికు సంచిలో బిగింపవలదు, చెమ్మ పట్టును. ఇత్తడిని చింతపండుతో తోమి అక్షరములను అరగదీయవలదు. అన్నిటికంటె ముఖ్యముగా, తొడిగినవారి పేరు, ఏ ఊరినుండి వచ్చిరి, ఏ పని, ఏ స్టేషను, ఏ సంవత్సరములు అను సంగతులు ఒక చీటీపై తెలుగున వ్రాసి దానితో ఉంచుడు. పేరు లేని కోటు పాతబట్ట. పేరు గల కోటు చరిత్ర. వచ్చు వార్షికోత్సవమున ఒక బల్లపై ఇట్టివానిని వరుసగా పెట్టి పిల్లలకు చూపుట మన సమాజమునకు కష్టమైన పని కాదు. ఇంజను బొమ్మల చొక్కా తొడిగి వచ్చిన మనుమనికి, తన ముత్తాత నిజముగా తొడిగిన చొక్కాను చూపు పెద్దలు ఉండవలెను.

ఈ వ్యాసము ముగించు వేళ మేమును కాఫీడబ్బాను పై అరనుండి దింపి, ఆరు బొత్తాములను ఒక చిన్న చెక్కపెట్టెలోనికి మార్చితిమి. తాతగారి పేరును, గుంతకల్లు దారి పేరును చీటీమీద వ్రాసితిమి. స్టీలుగిన్నె సంగతియు దాపరికము లేక క్రింద వ్రాసి, పెట్టెను మా మనుమరాలి చేతికి ఇచ్చితిమి.